కలిపి పెట్టిన గొలుసులు

పోయిన వారం మందులక్కని కోర్టు వరండాలో, ఒక కాలు గడపకి ఇవతల, ఒక కాలు అవతల ఉండగా వదిలేశాం. పాపం, వారం రోజులుగా ఆవిడ అలాగే నిలబడి ఉంది. ఇన్‌స్పెక్టరు ఆవిడ చెవిలో ఊదిన మాట కూడా ఇంకా అక్కడే ఉంది. "ఎడమ నుంచి మూడోదమ్మా. కంగారు పడకండి."

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెబుతాను, మిగతావాళ్ళు ఓపిక పట్టాలి. మందుల షాపు నడిపే ఈవిడని వీధి వీధంతా మందులక్క అంటుంది. భర్త పోయాక ఆ షాపూ, కాలేజీలో చదువుకునే కూతురూ, మేడ మీద గదిలో ఉండే తమ్ముడూ ఆవిడ లోకం. పట్టపగలు ఎవరూ లేనప్పుడు ఇంట్లో దొంగతనం జరిగింది. ఆ రోజు మెడలోంచి తీసి బీరువాలో పెట్టి వెళ్ళిన గొలుసు, భర్త చేయించింది, పోయింది. తలుపు పగలలేదు, తాళం విరగలేదు. అలాగైతే తాళం తెలిసినవాడి పనే అన్నారు పోలీసులు. అంతకు కొద్ది రోజుల ముందే ఆ తాళం బాగుచేసి వెళ్ళిన తాళాల మేస్త్రిని పట్టుకున్నారు. అతని ఇల్లు సోదా చేస్తే ఒక గొలుసు దొరికింది. అది నాదక్కా, మా అమ్మ పెట్టిందక్కా అని మేస్త్రి భార్య షాపు దగ్గరికొచ్చి ఏడిస్తే, మందులక్క కౌంటరు దాటి వచ్చి మరీ ఆమెని మెట్లు దింపింది. మేస్త్రి ఇంకా జైల్లోనే ఉన్నాడు. ఇవాళ ఈవిడ ఆ గొలుసుని చూపించి నాదే అంటే, అతను ఇప్పట్లో బయటికి రాడు. నాది కాదంటే కేసు నీరుగారిపోతుంది, గొలుసు మీద ఆశ వదులుకోవాల్సిందే.

సరే, ఆ రెండో కాలు కూడా లోపల పెట్టిద్దాం.

గది చిన్నది. కిటికీకి దగ్గరగా పొడవాటి బల్ల, దాని మీద తెల్ల కాగితం పరిచి ఉంది. అవతల మేజిస్ట్రేటు కూర్చుని ఉంది. నలభై దాటని మనిషి. బాగా జలుబు చేసినట్టుంది, ముక్కు ఎర్రగా కందిపోయింది, చేతిలో రుమాలు నలిగిపోయింది. పక్కన గుమాస్తా పెన్ను మూత తీసి సిద్ధంగా ఉన్నాడు. ఇటుపక్క సాక్షులుగా పిలిపించిన పెద్దమనుషులు ఇద్దరు, ఎప్పుడు వదిలిపెడతారా అన్న ముఖాలతో ఉన్నారు. మూల కుర్చీలో ఇంకొకాయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"ఆయన్ని చూసి భయపడకండి" అంది మేజిస్ట్రేటు. "బంగారం షాపాయన. మీ కేసులో దొరికినదాంతో కలపడానికి గొలుసులు ఆయనే ఇచ్చారు. తన సొమ్ము బల్ల మీదుంటే తను వరండాలో ఎలా కూర్చుంటానని గొడవ పెట్టారు. ఉండనిచ్చాను గాని, మొహం అటు తిప్పుకోమన్నాను. ఆయన కళ్ళు ఎటు పోతున్నాయో చూసి మీరు పోల్చుకోకూడదు కదా."

గోడవైపు నుంచి ఒక నిట్టూర్పు వినిపించింది.

దొంగసొత్తు గుర్తుపట్టించడంలో ఒక పద్ధతుంది. దొరికినదాన్ని ఒక్కదాన్నే ముందు పెట్టి నీదేనా అంటే, పోగొట్టుకున్న ఏ మనిషైనా అవుననే అంటాడు. ఆశ అలాంటిది. అందుకని అలాంటివే మరికొన్ని తెచ్చి దాంతో కలుపుతారు. పోలీసుల్ని గది బయట నిలబెడతారు. ఈ మేజిస్ట్రేటు దానికి ఇంకో మెలిక పెట్టింది. అంతకు ముందు వేరే కేసులో పోలీసులు కలపడానికని తెచ్చినవన్నీ తళతళలాడే కొత్త నగలు. వాటి మధ్య ఏళ్ళ తరబడి వాడిన నగ ఏదో చిన్నపిల్లాడైనా వేలు పెట్టి చూపించేవాడు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఈసారి కలిపేవి కూడా వాడినవే అయ్యుండాలి, ఇదే అల్లిక, ఇంచుమించు ఇదే బరువు, లేదంటే అందరూ ఇళ్ళకి పొండి అంది. దాంతో హెడ్ కానిస్టేబులు వెళ్ళి బంగారం షాపాయన ప్రాణం తోడేశాడు. జనం దగ్గర కొని, ఇంకా కరిగించకుండా ఉంచిన పాత గొలుసుల సొరుగు మొత్తం బోర్లించి ఏరుకొచ్చాడు. మనవాళ్ళకి ఒక్కోసారి పని ఎంత శ్రద్ధగా చెయ్యాలనిపిస్తుందంటే, ఆ శ్రద్ధే కొంప ముంచుతుంది.

"వీటిల్లో మీది ఉండొచ్చు, ఉండకపోవచ్చు" అంది మేజిస్ట్రేటు. "ఉంటే చేత్తో ముట్టుకుని చూపించండి. లేకపోతే లేదని చెప్పండి. ఏది చెప్పినా తప్పు లేదు. తొందర కూడా లేదు."

మందులక్క బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆరు గొలుసులు, ఒక్కో దాని కింద ఒక్కో చీటీ. అన్నీ ఒకే అల్లిక, అన్నీ కాస్త మాసిన పసుపే. మొదటిదాని దగ్గర నుంచి చూద్దామని ఎంత అనుకున్నా, కళ్ళు తిన్నగా పోయి మూడోదాని మీద పడ్డాయి. చెవిలో పడ్డ మాట కళ్ళని వదలదు మరి.

చూడగానే తనదే అనిపించింది. అదే మందం, అదే కొక్కెం. ఇదేనండి అనబోయింది కూడా. పోలీసులు ఊరికే పట్టుకుంటారా? ఇన్‌స్పెక్టరు చదువుకున్నవాడు, పెద్ద ఉద్యోగం, ఆయనకి తెలీదా? ఇన్ని రోజులూ తిరిగిన తిరుగుడు, మూసిన షాపు, పోయిన నిద్ర అన్నీ ఈ ఒక్క మాటతో తీరిపోతాయి. చెయ్యి చాపి తీసుకుంది. అరచేతిలో పోసుకుంది.

"మెడలో వేసుకుని చూడొచ్చాండీ?"

గుమాస్తా మేజిస్ట్రేటు వైపు చూశాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఈ మాట ఎవరూ అడిగినట్టు లేరు. ఆవిడ ముక్కు తుడుచుకుని కాసేపు ఆలోచించింది.

"కూడదని ఎక్కడా లేదు. వేసుకోండి."

మందులక్క గొలుసు వేసుకుని, వెనక కొక్కెం పెట్టుకుని, తల అటూ ఇటూ తిప్పింది. ఏమీ కాలేదు. ఇంకోసారి తిప్పింది. గొలుసు మెడ మీద మెత్తగా జారింది, అంతే.

అప్పుడు గుండె జారిపోయింది ఆవిడకి.

ఆవిడ గొలుసు అంత మర్యాదగా ఎన్నడూ ఉండలేదు. కూతురు పసిపిల్లగా ఉన్నప్పుడు చంకనెక్కి గుంజితే పుటుక్కున తెగింది. అతికినవాడు హడావుడి మనిషి, ఒక లంకెని తిరగేసి అతికాడు. ఆనాటి నుంచి మెడ తిప్పినప్పుడల్లా ఆ లంకె వెనకనున్న సన్న వెంట్రుకల్ని పట్టుకుని లాగేది. షాపులో పై అరలోంచి మందు తియ్యడానికి తలెత్తితే అబ్బా అనేది. మళ్ళీ చేయించి తెస్తాను ఇవ్వవే అని భర్త ఎన్నిసార్లు అడిగినా ఇచ్చింది కాదు. ఇస్తే ఆ కాసేపు మెడ బోసిగా ఉంటుందని బెంగ. ఆయన పోయాక ఆ చురుక్కుమనడం కూడా ఆయన జ్ఞాపకంలో చేరిపోయింది. ఇదంతా పోలీసులకి ఎందుకు చెప్పలేదంటే, వాళ్ళు గొలుసు ఎలా ఉంటుందని అడిగారు. అల్లికా, బరువూ చెప్పింది. ఆ లంకె ఆవిడ కళ్ళకి కనబడింది ఏనాడు గనక! అది మెడ వెనక సంగతి, మెడకే తెలుసు.

మూడో గొలుసు తనది కాదు. కాకపోతే ఎవరిది? ఆ ప్రశ్నకి జవాబు కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. మా అమ్మ పెట్టిందక్కా అంటూ షాపు మెట్ల మీద నిలబడ్డ మనిషి కళ్ళలో మెదిలింది. నీ నాటకాలు నా దగ్గరా అని తను అన్నమాట కూడా గుర్తొచ్చింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. గొలుసు తీసి దాని చీటీ మీద తిరిగి పెట్టేసింది.

ఇందులో నాది లేదండి అని చెప్పి ఇంటికి పోవచ్చు. కాని మిగతావి ఇంకా చూడలేదు, చూడకుండా లేదని ఎలా చెప్పడం? మందుల సీసా మీద పేరు రెండుసార్లు చదవందే ఎవరి చేతికీ ఇవ్వని మనిషి ఆవిడ. మొదటిది వేసుకుని తీసేసింది. రెండోది వేసుకుని తీసేసింది. సాక్షుల్లో ఒకాయన గడియారం చూసుకున్నాడు. నాలుగోది కొంచెం పొట్టి, కొక్కెం పెట్టకుండానే తెలిసిపోయింది.

ఐదోది వేసుకుని తల తిప్పింది.

"అబ్బా!"

చెయ్యి మెడ వెనక్కి దానంతటదే వెళ్ళిపోయింది. వెంట్రుక చిక్కుకుంది. ఇన్నాళ్ళూ పారేసుకున్న ఆ చిన్న నొప్పి మళ్ళీ అదే చోట తగిలేసరికి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. నలుగురి ముందూ ఏడవకూడదని పెదవి కొరుక్కుంది, అయినా ఆగలేదు.

"ఇది నాదండి" అంది.

"ఆరోది చూడరా?"

"అక్కర్లేదండి. ఇదే నాది."

"ఖాయమేనా?"

"ఖాయమేనండి."

గుమాస్తా పెన్ను కాగితం మీద ఆగిపోయింది. అతను అయ్యో అన్నట్టు చూశాడు. మేజిస్ట్రేటు ముఖంలో మాత్రం ఏ భావమూ లేదు. రాయండి అని గుమాస్తాకి చెప్పి, సాక్షుల చేత సంతకాలు పెట్టించి, ఇన్‌స్పెక్టర్ని పిలవమంది. గోడవైపు మనిషికి కూడా ఇటు తిరగడానికి అనుమతి దొరికింది.

ఇన్‌స్పెక్టరు నవ్వుకుంటూ లోపలికొచ్చాడు. గుమాస్తా రాసింది చూశాక ఆ నవ్వు ఎగిరిపోయింది.

"ఐదోదా! అమ్మా, ఇదేంటమ్మా ఇలా చేశారు?"

"నాది నాదన్నాను. ఏం చేశాను?"

"అది మీదెలా అవుతుంది? అది ఈయన షాపు గొలుసు. కలపడానికి మేం తెచ్చింది. వాడింట్లో దొరికింది వదిలేసి, షాపు గొలుసు నాదంటారేంటి?" అని మేజిస్ట్రేటు వైపు తిరిగాడు. "మేడమ్, ఆవిడ బెదిరిపోయినట్టున్నారు. కాస్త మంచినీళ్ళిచ్చి ఇంకొక్క అవకాశం..."

"గుర్తుపట్టడం ఒక్కసారే" అంది మేజిస్ట్రేటు.

"అది కాదు మేడమ్, నేనింత కష్టపడి..."

"మీ కష్టం నేను రాయను. ఆవిడ చేసింది రాస్తాను." మేజిస్ట్రేటు మందులక్క వైపు చూసింది. గొంతు కాస్త మెత్తబడింది. "మీక్కూడా ఉన్నమాట చెప్పాలి. కలిపిన వస్తువుని చూపించి తనదన్నారని రాయించాను. మా లెక్కలో అది తప్పుగా గుర్తుపట్టినట్టే. మీరు అబద్ధం చెప్పారని కాదు. కాని రేపు కేసు నడిచేటప్పుడు ఈవిడకి తన గొలుసేదో తెలీదంటారు. మేస్త్రి ఇంట్లో దొరికింది మీది కాదని మీరెంత చెప్పినా, ఆ మాటకి విలువుండదు."

మందులక్కకి నెత్తిన ఎవరో మొట్టినట్టయింది. నిజం చెబితే తప్పు, ఇన్‌స్పెక్టరు చెప్పింది చెబితే ఒప్పు. ఇదేం లెక్క? పైగా తన మాట చెల్లకపోతే మేస్త్రి అలాగే లోపల ఉండిపోతాడు. తప్పు తెలిశాక కూడా దిద్దలేకపోతే ఇక తను అద్దంలో ఏం చూసుకుంటుంది?

"తప్పుగా కాదండి" అంది. గొంతు కొంచెం పెద్దదే అయింది. "తప్పు చెయ్యాలనుకుంటే మూడోదే చూపించేదాన్ని. ఇన్‌స్పెక్టరుగారు వరండాలో చెవిలో చెప్పారు కదా, ఎడమ నుంచి మూడోదని!"

మేజిస్ట్రేటు చేతిలో రుమాలు ముక్కు దగ్గరికి వెళ్ళి మధ్యలో ఆగిపోయింది.

"ఏమన్నారు?"

"మేడమ్, అది..." ఇన్‌స్పెక్టరు గుటకలు మింగాడు. "ఆవిడ కంగారుపడుతుంటే ధైర్యం చెప్పానంతే. వాడే దొంగని నాకు నమ్మకం మేడమ్. దేవుడి సాక్షిగా నమ్మకం. లేకపోతే ఎందుకు చెబుతాను?"

"నమ్మకం ఉన్నవాళ్ళు ఊదక్కర్లేదు. గుమాస్తాగారూ, ఈ మాట కూడా రాయండి. ఆయన అన్నదీ, ఆవిడ అన్నదీ." గుమాస్తా పెన్ను పరుగెత్తింది. ఇన్‌స్పెక్టరు తేలుకుట్టిన దొంగలా నిలబడిపోయాడు. ఆ మాట పోలీసు మీద వాడాల్సి వస్తుందని నేనూ అనుకోలేదు.

"మీదే అనడానికి ఏమైనా గుర్తుందా?" మేజిస్ట్రేటు అడిగింది. "చేతిలోకి తీసుకోకుండా చెప్పండి."

"ఉందండి. కొక్కెం పక్కన, రెండు వేళ్ళ దూరంలో ఒక లంకె తిరగబడి ఉంటుంది. మిగతావి ఒకవైపు చూస్తే అదొక్కటీ ఇంకోవైపు చూస్తుంది. దగ్గర్లో అతికిన మచ్చ కూడా ఉండాలి. నేనెప్పుడూ చూళ్ళేదు, మీరే చూడండి."

మేజిస్ట్రేటు బంగారం షాపాయన వైపు చూసింది. ఆయన జేబులోంచి చిన్న భూతద్దం తీసి కంటికి పెట్టుకుని, ఐదో గొలుసు కిటికీ వెలుతురులోకి ఎత్తాడు. కొక్కెం దగ్గర నుంచి వేళ్ళతో జరుపుకుంటూ వచ్చాడు. ఒక చోట ఆగాడు. కన్ను చికిలించాడు. భూతద్దం దించేసరికి నుదుటి మీద చెమట పట్టింది.

"ఉంది మేడమ్" అన్నాడు చిన్నగా. "తిరగబడింది. అతుకు కూడా ఉంది. పని బాలేదు."

"పని సంగతి ఎవరడిగారు? మూడోదానికి ఉందా అలాంటిది?"

అదీ చూశాడు. లేదన్నాడు.

"సరే. ఈ ఐదోది మీ దగ్గరికి ఎలా వచ్చింది?"

బంగారం షాపాయన నీళ్ళు నమిలాడు. రోజుకి ఎంతోమంది వస్తారన్నాడు. అందరి ముఖాలూ ఎక్కడ గుర్తుంటాయన్నాడు. పాత బంగారం అన్నాక ఎవరైనా అమ్ముకుంటారన్నాడు. ఇన్‌స్పెక్టరుకి ఇంతసేపటికి ఒక దారి దొరికింది. పోయిన పరువు కొంతైనా రాబట్టుకుందామని ఆయన మీద విరుచుకుపడ్డాడు.

"ఏవయ్యా! నీ సొమ్ము కళ్ళెదురుగా లేకపోతే ఊపిరాడదన్నావు. అది ఎవడి దగ్గర కొన్నావో మాత్రం గుర్తులేదా? దొంగసొత్తు కొంటే ఏమవుతుందో తెలుసు కదా. ఇవాళ కోర్టు నుంచి ఇంటికి కాదు, తిన్నగా మా స్టేషనుకే."

"అయ్యో సార్, దొంగసొత్తని నాకేం తెలుసు! అడక్కుండా కొంటానా నేను? అడిగాను. మా అక్క గొలుసండీ, అక్కే అమ్మి రమ్మందీ అన్నాడు. మర్యాదగా మాట్లాడాడు. చూడ్డానికి బాగానే ఉన్నాడు."

"ఎవరు?"

"పేరు తెలీదు సార్." ఆయన చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "కాని ఇందాకే చూశాను. నేను లోపలికొస్తుంటే వరండాలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నమస్కారం కూడా పెట్టాడు. ఇక్కడికొచ్చారేంటండీ అని అడిగాడు. గొలుసులు కలపడానికి పిలిచారయ్యా అన్నాను. మళ్ళీ కూర్చున్నాడు. ఒళ్ళో ఆడవాళ్ళ చేతిసంచి ఒకటుంది. గోధుమరంగుది."

ఆ సంచి మందులక్కదే. పొద్దున లోపలికి ఏమీ తేకూడదంటే, తమ్ముడి చేతిలో పెట్టి వచ్చింది.

నా తమ్ముడా? అమ్మ పోయినప్పుడు వాడికి పదేళ్ళు. తను అన్నం కలిపి పెడితేనే తినేవాడు. దొంగతనం జరిగిన రోజు తనకన్నా ఎక్కువ ఏడ్చింది వాడే. పోలీసులకి తాళాల మేస్త్రి సంగతి ముందుగా చెప్పింది కూడా వాడే. అంటే అంతా తెలిసే చెప్పాడా? ఒక మనిషిని జైలుకి పంపించి, సాయంత్రం వచ్చి తన పక్కనే కూర్చుని అన్నం తిన్నాడా?

"మీకు తెలుసా ఆ మనిషి?" అడిగింది మేజిస్ట్రేటు.

తెలీదు అనొచ్చు. గోధుమరంగు సంచులు లోకంలో బోలెడు. ఈయనకి చూపు సరిగ్గా లేదేమోనండీ అనొచ్చు. ఒక్క చిన్న అబద్ధంతో తమ్ముడు తమ్ముడిలాగే ఉండిపోతాడు. కాని అప్పుడు లోపలున్నవాడు లోపలే ఉంటాడు. మందులక్క ఊపిరి పీల్చుకుంది.

"నా తమ్ముడండి."

ఇన్‌స్పెక్టరు తలుపు వైపు ఒక్క అడుగు వేశాడు. మందులక్క అడ్డం వచ్చింది.

"మీరొద్దండి. మిమ్మల్ని చూస్తే పారిపోతాడు. నేను పిలుచుకొస్తాను."

మేజిస్ట్రేటు తలూపింది. "ఆవిడ వెనకాలే ఉండండి. మాట్లాడకండి. ముఖ్యంగా ఎవరి చెవిలోనూ."

వరండాలో ఎండ నేల మీదకి సగం దాకా వచ్చింది. మెట్ల దగ్గర తాళాల మేస్త్రి భార్య గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. మందులక్కని చూసి లేవబోయి, మళ్ళీ ఏమంటుందోనని ఆగిపోయింది. మందులక్కే ఆమె దగ్గరికి వెళ్ళింది.

"లోపల మూడో గొలుసు ఉంది. అది నీది."

ఆమె లేచి నిలబడింది.

"ఆరోజు నిన్ను అనరాని మాటలన్నాను. తప్పయిపోయింది, క్షమించమ్మా. ఇక్కడే ఉండు, వెళ్ళకు. నీ పని ఇవాళ సగమైనా కావాలి."

"ఇంటాయన వచ్చేస్తాడా అక్కా?" అంది ఆమె. ఇంకేదీ అడగలేదు. గొలుసు మాట కూడా ఎత్తలేదు. మందులక్క ఆమె భుజం మీద చెయ్యి వేసి ముందుకు నడిచింది.

వరండా చివర బెంచీ మీద తమ్ముడు కూర్చునే ఉన్నాడు. సంచి ఒళ్ళోనే ఉంది. పారిపోలేదు. అదే ఆవిడకి వింతగా అనిపించింది. అక్కని చూసి, ఆ వెనక కాస్త దూరంలో ఇన్‌స్పెక్టర్ని చూసి, మెల్లగా లేచి నిలబడ్డాడు.

"అయిపోయిందా అక్కా?"

"నా వంతు అయిపోయింది. నాది నేను గుర్తుపట్టాను." అంది మందులక్క. "లోపలికి రా. అక్కడ ఒకాయన నిన్ను గుర్తుపట్టాలట."

తమ్ముడి ముఖం పాలిపోయింది. కాని భయపడ్డవాడి చూపు కాదది. జాలిపడుతున్నవాడి చూపు. అక్క మీద.

"ఐదోదేనా?" అన్నాడు.

"చాలా ధైర్యం రా నీకు."

"ధైర్యం కాదక్కా. ఆయన గొలుసులు కలపడానికి వచ్చాననగానే అనుకున్నాను, అయిపోయిందని. పరిగెత్తొచ్చు, పరిగెత్తలేదు. ఎందుకో తెలుసా? ఒక్కమాట చెప్పి వెళ్దామని." సంచి ఆవిడ చేతికి ఇచ్చి, గొంతు బాగా తగ్గించాడు. "అమ్మింది నేనే. తాళాలాయన పేరు చెప్పింది నేనే. ఒప్పుకుంటాను. కాని ఆ రోజు ఇంటి తాళం తీసింది నేను కాదు, బీరువా తెరిచింది నేను కాదు. తీసి తెచ్చి నా చేతిలో పెట్టి, మామయ్యా, అమ్మకి తెలిస్తే నేను బతకను అంది. తెలీకుండా చూసుకుంటానని మాటిచ్చాను. ఇప్పుడు కూడా నువ్వు ఊఁ అంటే అంతా నా మీదే వేసుకుంటాను. దాని పేరు లోపల ఎత్తను. చెప్పు అక్కా."

మామయ్యా అని వాణ్ణి పిలిచే గొంతు ఈ లోకంలో ఒక్కటే ఉంది. ఈ వేళకి అది కాలేజీలో ఉంటుంది.

మందులక్క చేతిలో సంచి జారి నేల మీద పడింది. ఆవిడ వంగి తీసుకోలేదు. వెనక ఇన్‌స్పెక్టరు దగ్గాడు. మెట్ల దగ్గర నుంచి తాళాలాయన భార్య ఇటే చూస్తోంది. ఊఁ అనాలని ఉంది ఆవిడకి. ప్రాణమంతా ఆ ఒక్క అక్షరం కోసమే కొట్టుకుంటోంది. ఊఁ అంటే మేస్త్రి బయటికొస్తాడు, పిల్ల ఇంట్లో ఉంటుంది, వీడు తను ఒప్పుకున్నట్టే లోపలికి పోతాడు. అందరి లెక్కా సరిపోతుంది. తనకొక్కదానికే తెలుస్తుంది సరిపోలేదని.

చెయ్యి చాపి తమ్ముడి మణికట్టు పట్టుకుంది. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టే పట్టుకుంది.

"నడు" అంది. "నా కూతురి పేరు కూడా లోపలే చెబుదువుగాని. నేను పక్కనే నిలబడి వింటాను."